ఆరు టికెట్లు మూశారు, ఒక్కటీ చదవలేదు

కస్టమర్ సపోర్ట్ పెద్దసారు గారికి (అట్లాంటి మనిషి ఒకరు ఉన్నారని నమ్మి రాస్తున్నాను),

నమస్తే.

ఇది మీకు నేను రాస్తున్న ఏడో ఉత్తరం. మొదటి ఆరూ ఇంగ్లీషులో కష్టపడి రాశాను, అట్లయితే చదువుతారేమోనని. చదవలేదని తేలిపోయింది. చదవని ఉత్తరం ఏ భాషలో ఉంటే ఏంది, ఇకనుంచి నా భాషలోనే రాస్తాను.

వర్షన్ నంబరు, ఫోన్ మోడల్, బ్రౌజర్ పేరు ఇందులో రాయను. నాలుగుసార్లు అడిగారు, నాలుగుసార్లూ ఇచ్చాను. మీ దగ్గరే ఎక్కడో పడి ఉంటాయి, వెతుక్కోండి.

సంగతి చిన్నదే. మాది నల్లగొండ జిల్లా గుర్రంపోడు మండలం. చుట్టుపక్కల బత్తాయి రైతుల కోసం, యాప్‌లు తయారుచేసుకునే మీ ఎడిటర్‌లో ఒక యాప్ చేసుకున్నాను. ఈరోజు ధర, బండి బుకింగ్, కాటా లెక్క, తరుగు, బాకీ, ఇట్లా తొమ్మిది స్క్రీన్లు. కోడింగ్ రాకున్నా సరే, బటన్ మీద నొక్కి ఏ స్క్రీన్‌కు పోవాలో చూపిస్తే చాలన్నారు. నిజమే, నిన్నమొన్నటిదాకా చాలింది. మీరు కొత్త ఎడిటర్ తెచ్చిన రాత్రి నుంచి లింకులన్నీ తారుమారైనయి. లాగిన్ అయినంక ఆ స్క్రీన్‌ను తీసేసి దాని జాగాలో హోమ్ రావాలని పెట్టుకున్నాను. ఇప్పుడు లాగిన్ కిందనే ఉండిపోయి, దాని మీద హోమ్ ఎక్కుతోంది, రైసుమిల్లులో బస్తా మీద బస్తా వేసినట్టు. పై బస్తా తీస్తే కింద లాగిన్ బస్తా. హోమ్ నొక్కిన ప్రతిసారీ ఇంకో హోమ్ బస్తా. బయటికి రావాలంటే ఒక్కో బస్తా దించుకుంటూ రావాలి.

మా పెద్దనాయనకు 68 ఏండ్లు. మొన్న తోటలో కాయ తెంపే కూలోళ్ల నడుమ నిలబడి, చేతికంటిన తొక్క రసం ధోవతికి తుడుచుకుని, ధర చూసి బ్యాక్ నొక్కాడు. మొబైల్ నంబర్ అడిగింది. ఇచ్చాడు. ఓటీపీ రావాలంటే మా తోటలో సిగ్నల్ ఉండదు. బోరు మోటరు పక్కనున్న గట్టెక్కి, ఫోను నెత్తికన్నా పైకి పట్టుకుని నిలబడ్డాడు. వచ్చింది, కొట్టాడు, బండి బుకింగ్‌లోకి పోయాడు, ఏదో తప్పు నొక్కి వెనక్కి వద్దామనుకున్నాడు. మళ్లీ నంబర్. మళ్లీ గట్టు. మూడోసారి గట్టు దిగి ఫోను నా చేతిలో పెట్టి, "గిది నన్ను గుర్తుపడ్తలేదురా, పొద్దటి సంది గిదే ముచ్చటాయె" అన్నాడు.

అయినా సాఫ్ట్‌వేర్ అన్నాక తప్పులుంటయి. నా కోపం దాని మీద కాదు.

మొదట చాట్‌లో మీ రోబో పలకరించింది. బిల్లింగా, అకౌంటా, ఇతరాలా అంది. ఇతరాలన్నాను. 'స్క్రీన్లకు నావిగేషన్ పెట్టడం ఎలా' అనే వ్యాసం ఇచ్చింది. ఉపయోగపడిందా అంటే లేదన్నాను. మళ్లీ అదే వ్యాసం ఇచ్చింది. దాని తప్పేం లేదు పాపం, అది మిషను. ఆ తర్వాత వచ్చిన మనుషుల గురించే చెప్పాలి.

మొదటి మేడం క్యాష్ (బ్రౌజర్ దాచిపెట్టుకున్న పాత డేటా) క్లియర్ చేయమన్నారు. సమస్య నా కంప్యూటర్‌లో కాదమ్మా, 140 మంది రైతుల ఫోన్లలో ఉంది, అందరి ఇండ్లకు పోయి తుడవమంటారా అని అడిగాను. "యస్ ప్లీజ్" అన్నారు.

రెండో సారు స్క్రీన్‌షాట్ పంపమన్నారు. వెనక్కి పోవడం స్క్రీన్‌షాట్‌లో ఎట్ల కనబడుతుంది? అయినా రెండు తీసి, 1, 2 అని అంకెలేసి, నడుమ బాణం గీసి పంపాను. "రెండు స్క్రీన్లూ బాగున్నాయి సర్, డిజైన్ చాలా అందంగా ఉంది" అని జవాబు. ఇన్నేండ్లలో నా పనిని మెచ్చుకున్నది మీ కంపెనీలో ఆయనొక్కడే కాబట్టి ఏమనలేకపోయాను.

మూడో మనిషి వీడియో అడిగారు. పంపితే 10 ఎంబీ దాటొద్దన్నారు. కుదించి పంపితే అక్షరాలు కనబడ్తలేవన్నారు. ఇంకోటి పంపమని శుక్రవారం సాయంత్రం మెయిల్ పెట్టి, 48 గంటల్లో జవాబు రాలేదని ఆదివారం సాయంత్రం టికెట్ మూసేశారు. శని ఆదివారాలు మీ ఆఫీసుకు సెలవు. నాకు మాత్రం కాదన్నమాట.

నాలుగో ఆయన ఫోనే చేశారు. సంబురపడ్డాను. మీది ఆంధ్రాలో ఎక్కడ అన్నారు. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ అన్నాను. "ఓకే సర్, అప్‌డేట్ చేస్తాను" అన్నారు. ఆ రోజు మీ రికార్డుల్లో అప్‌డేట్ అయింది అదొక్కటే.

ఐదో మేడం బిల్లింగ్ నుంచి. ప్రీమియం ప్లాన్ తీసుకుంటే ముందుగా వింటారట. అంటే ఇన్నాళ్లూ కట్టిన పైసలు మాట్లాడటానికి, వినడానికి వేరే కట్టాలి. ఆరో సారుది ఒకటే లైను: డిజైన్ ప్రకారమే పనిచేస్తోంది.

ఈ ఆరుగురిలో ఎవ్వరూ ముందు మనిషి రాసింది చూడలేదు. ప్రతిసారీ "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, సమస్య వివరంగా చెప్పండి" అనేదే. మొదటి నుంచి మళ్లీ చెప్పాను. ఒగ్గుకథ చెప్పేటోనికైనా పక్కన డోలుంటది, ఆఁ కొట్టేటోడుంటడు. నాకు అదీ లేకపాయె.

నేను మీకు ఎవర్నో మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. 2024 ఎండాకాలంలో ఈ యాప్‌ను ప్లే స్టోర్‌లో పెట్టడానికి 25 డాలర్లు కట్టాను. కొత్త ఖాతా కాబట్టి యాప్ వాడి చూసే టెస్టర్లు 20 మంది 14 రోజులు ఆగకుండా ఉండాలని గూగుల్ వాళ్లన్నారు. బాయికాడ రైతులను కూర్చోబెట్టి, చాయ్ పోయించి, ఒక్కొక్కరికీ జీమెయిల్ తెరిచి 20 మందిని జమచేశాను. అప్పట్లో ఇంకో కంపెనీది చవకగా ఉందని మా తమ్ముడు చెప్పినా వినలేదు, ఇది మనకు అచ్చొచ్చింది అన్నాను. హాలియాలో పురుగుమందుల దుకాణపాయన, నల్లగొండలో ట్యూషన్ చెప్పే మేడం, దేవరకొండలో టైలర్, ముగ్గురూ నా మాట మీదనే మీ దగ్గర చందా కట్టారు. ఇప్పుడు ముగ్గురూ ఫోన్ చేసి "అన్నా, మాది కూడా వెనక్కి పోతలేదు" అంటున్నారు. మీకు కాదు, నాకు చేస్తున్నారు. మీ సపోర్ట్ ఆఫీసు నేనే అయిపోయిన, జీతం ఎప్పుడిస్తారో చెప్పండి.

రెండు రాత్రులు కూర్చుని తొమ్మిది స్క్రీన్ల లింకులు ఒక్కొక్కటి మళ్లీ పెట్టాను. సేవ్ కొడితే మొదటికే వచ్చాయి. కాబట్టి పాత ఎడిటర్ తిరిగిస్తారో, ఆ ఒక్క సెట్టింగ్ బాగుచేస్తారో, మిగిలిన నెలల పైసలు వాపస్ చేస్తారో మీ ఇష్టం. ఏదో ఒకటి చేసే ముందు దీన్ని చదివిన మనిషి తన పేరుతో నాకో ముక్క రాయాలి.

రాయకపోతే నేనూ కొంచెం చదువుకున్నోన్నే. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని మీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. టికెట్ మూయడానికి గుర్తొచ్చిన ఆ 48 గంటలే ఇవి. 2019 వినియోగదారుల చట్టం కింద నేనుండే చోటనే, అంటే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కట్టిన పైసలు 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. వ్యాపారానికి వాడుకున్నావు, నువ్వు వినియోగదారుడివి కాదంటారేమో. బతుకుదెరువుకు స్వయంగా చేసుకునేటోళ్లను ఆ చట్టం వదిలేయలేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, వాళ్లు తెలుగులో మాట్లాడుతారు. ఆ తర్వాత మీ వకీలు సారు నల్లగొండ బస్సెక్కాలి. బస్టాండ్ దగ్గర చాయ్ నేనే తాపిస్తాను.

ఇట్లు,
ఇంకా మీ ఖాతాదారుడే,
గుర్రంపోడు మండలం, నల్లగొండ జిల్లా, తెలంగాణ

తా.క.: ఫోన్ చేసేటట్లుంటే పొద్దుగాల 8 లోపు చేయండి. తర్వాత తోటలో ఉంటాను, సిగ్నల్ ఉండదు. కాల్ చేశాం, ఎత్తలేదు అని ఏడో టికెట్ కూడా మూసేయొద్దు.