శ్రావణికి, హెడ్‌ఫోన్స్ కొనేముందు

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీస్సులు.

మద్దిలపాలెంలో నీ గది కిటికీ హైవే వైపుకే ఉందని, పుస్తకం పట్టుకుంటే బుర్రకి ఎక్కట్లేదని, మూడు వేలలో బయటి గోల వినబడనివ్వని హెడ్‌ఫోన్స్ ఏవో చెప్పమని అడిగావు. ఒక పేరు చెప్పి కొనెయ్యమనడం తేలికే. కానీ నిన్ను సతాయిస్తున్న చప్పుడు ఏ రకానిదో ముందు తేలాలమ్మా. మూడు వేలు పెట్టాలా, యాభై రూపాయల్లో పోతుందా అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

రాత్రి చదువుకునే వేళ కిటికీ మూసి ఐదు నిమిషాలు ఊరికే విను. లారీల రొద, బస్సు ఇంజను, జనరేటరు, ఏసీ, ఫ్యాను: ఇవన్నీ ఆగకుండా ఒకే తీరున మోగే బొంగురు చప్పుళ్ళు. హారన్లు, రూమ్మేటు ఫోన్లో మాట్లాడే మాటలు, కింద టీకొట్టు దగ్గర కబుర్లు, గిన్నెల మోత: ఇవి రెండో రకం. చెవితో తేలకపోతే ఆండ్రాయిడ్ ఫోన్లో స్పెక్ట్రాయిడ్ అని ఉచిత యాప్ ఉంది, వేసుకుని చూడు. చప్పుడు ఎంత బొంగురో ఎంత సన్నమో హెర్ట్జ్ అంకెల మీద గీతగా చూపిస్తుంది, అంకె చిన్నదైతే బొంగురు, పెద్దదైతే సన్నం. గీత 500 హెర్ట్జ్ లోపు ఎత్తుగా లేస్తే మొదటి రకం. 1000 నుంచి 4000 దాకా లేస్తుంటే రెండోది. మనుషుల మాట అర్థమయ్యేది ఎక్కువగా ఈ రెండో చోటే.

ఇప్పుడు అందరూ చెప్పే ఏఎన్‌సీ, అంటే యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్, మొదటి రకానికి మాత్రమే మందు. బయటి మైకు చప్పుడుని పట్టుకుంటుంది, లోపలి చిప్పు దానికి సరిగ్గా ఎదురు అలని తయారుచేసి స్పీకరులో వదులుతుంది, రెండూ కొట్టుకుపోతాయి. 100 హెర్ట్జ్ అల పొడవు మూడు మీటర్లకి పైనే, చిప్పు కాస్త ఆలస్యమైనా సర్దుకుపోతుంది. 4000 హెర్ట్జ్ అల పొడవు 9 సెంటీమీటర్లు కూడా ఉండదు, రవ్వంత తేడా వచ్చినా ఎదురు అల గురి తప్పుతుంది. అందుకే ఎంత ఖరీదైన ఏఎన్‌సీ అయినా హారను దగ్గర, మాటల దగ్గర చతికిలబడుతుంది. బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కి ఈ హెడ్‌ఫోన్ ఆలోచన తట్టింది 1978లో విమానంలో వెళ్తుండగా. ఆయన కంపెనీ 1989లో ముందుగా అమ్మిందీ పైలట్లకే. ఇంజను మోత కోసం పుట్టిన వస్తువు మరి, రూమ్మేటు కబుర్లు ఆపలేదంటే దాని తప్పు కాదు.

మాటలు, హారన్లు, గిన్నెలు ఆపేది చెవి రంధ్రాన్ని బిగుతుగా మూసే రబ్బరు లేదా ఫోమ్. చిప్పు ఉన్నా లేకపోయినా ఈ బిగుతే అసలు సంగతి. అది లేకపోతే ఏఎన్‌సీ కూడా సగం చస్తుంది, ఎందుకంటే బొంగురు శబ్దం సందులోంచి ముందుగా దూరేస్తుంది.

డబ్బా మీద రాతలు జాగ్రత్తగా చూడు. ఈఎన్‌సీ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది నువ్వు ఫోన్లో మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళకి నీ వెనక గోల వినబడకుండా చేసేది. నీ చెవికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఎనిమిది వందలకీ వెయ్యికీ దొరికే బడ్స్‌లో చాలావాటికి ఉండేది ఇదే, జనం ఏఎన్‌సీ అనుకుని కొనేస్తారు. ఇక 42 డెసిబెల్స్, 50 డెసిబెల్స్ అని అంకెలు వేస్తారు. అది ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర అందిన గరిష్ఠం, అన్ని చప్పుళ్ళకీ వర్తించదు. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి చప్పుడు ఇంచుమించు సగం అయినట్టుంటుంది, ఆ లెక్కన రొద మీద 20 తగ్గినా నీకు పెద్ద ఊరటే. అంకెకి బదులు హైబ్రిడ్ అనే మాట కోసం చూడు. బయట ఒక మైకు, లోపల చెవి వైపు ఒక మైకు ఉంటాయని అర్థం. బ్లూటూత్ వెర్షను, కోడెక్‌ల గొడవ నీకు అనవసరం.

చెవి మొత్తం కప్పే పెద్ద హెడ్‌ఫోన్స్ విశాఖ ఉక్కపోతలో నేను కొనమనను. అరగంటకే చెవుల చుట్టూ చెమట పడుతుంది, రెక్సిన్ మెత్తలు ఈ సముద్రపు తేమకి పొరలు పొరలుగా లేచిపోతాయి. పైగా నీకు కళ్ళజోడుంది. దాని కాడ మెత్త కింద సందు చేస్తుంది, అక్కడినుంచే లారీ మోత లోపలికొస్తుంది. జుంకాలు పెట్టుకున్నా అంతే. ఏసీ గదిలో కూర్చునే వాళ్ళకి సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్720ఎన్ లాంటిది బాగుంటుంది, బరువు 192 గ్రాములే, కానీ అది నీ బడ్జెట్ దాటిపోతుంది.

నీ గొడవ లారీల రొదే అయితే మూడు వేల లోపు ఏఎన్‌సీ ఇయర్‌బడ్స్ చాలు. సీఎంఎఫ్ అనే బ్రాండు బడ్స్ 2024లో 2,499కి వచ్చాయి, ఆ వరసలోనివి చూడు. మాటలే గొడవైతే అంత పెట్టొద్దు. వెయ్యి, పదిహేను వందల్లో వైరుండి చెవి రంధ్రంలోకి దూరే ఇయర్‌ఫోన్ ఒకటి తీసుకుని దానికి ఫోమ్ టిప్స్ తగిలించు. ఛార్జింగ్ బాధ లేదు, రెండేళ్ళకి బ్యాటరీ నీరసించే భయమూ లేదు. నీ ఫోన్‌కి 3.5 ఎం.ఎం. జాక్ లేకపోతే టైప్-సీ కన్వర్టరు కావాలి, అందులో డాక్, అంటే ఫోన్‌లోని డిజిటల్ సంకేతాన్ని ఇయర్‌ఫోన్‌కి పనికొచ్చేలా మార్చే చిప్పు, ఉందని అడిగి మరీ తీసుకో. లేనివి కొన్ని ఫోన్లలో పలకవు.

పాటలు అక్కర్లేదు, నిశ్శబ్దం చాలు అనుకుంటే మందుల షాపులోనో సేఫ్టీ సామాన్ల కొట్టులోనో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ అడుగు. చప్పుడు ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే ఎన్‌ఆర్‌ఆర్ అంకె 29 అని రాసున్నా మామూలు వాడకంలో అందేది దాదాపు సగమే అనుకో, అదీ సరిగ్గా పెట్టుకుంటేనే. పెట్టే పద్ధతి: చేతులు కడుక్కుని, వేళ్ళ మధ్య సన్నగా వత్తిలా నలుపు. రెండో చెయ్యి తల వెనకనుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగు. లోపలికి తోసి 30, 40 సెకన్లు వేలితో అదిమి ఉంచు, అది లోపల ఉబ్బాలి. బయటికి సగం పొడుచుకొచ్చి ఉంటే పని చెయ్యనట్టే.

ఇయర్‌బడ్స్‌తో మూడు సైజుల రబ్బరు టిప్స్ ఇస్తారు. చాలామంది బిగించి వచ్చిన మధ్య సైజుతోనే కాలం గడిపేసి ఏఎన్‌సీ దండగ అంటారు. మూడూ పెట్టి చూడు, రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలని లేదు. సరిగ్గా కూర్చుంటే నీ గొంతు నీకే డప్పులో మాట్లాడినట్టు వినబడుతుంది, పాటలో బేస్ నిండుగా ఉంటుంది. బేస్ పల్చబడిందంటే ఎక్కడో సందుంది.

డాబాగార్డెన్స్ వైపు షాపులో కొనేటట్టయితే డెమో పీసు అడుగు. పాట పెట్టకుండా ఏసీ కిందో పెడెస్టల్ ఫ్యాను పక్కనో నిలబడి ఏఎన్‌సీ ఆన్, ఆఫ్ చెయ్యి. ఫ్యాను మోత గబుక్కున పడిపోవాలి. తేడా తెలియకపోతే ముందు టిప్ మార్చి చూడు, అప్పటికీ తెలియకపోతే వదిలెయ్. సన్నగా బుస్సుమని వినబడటం చవక వాటిలో మామూలే, పాట పెడితే కలిసిపోతుంది. చెవిలో గాలి నొక్కినట్టు అనిపించి తల తిరిగితే మాత్రం అది నీకు పడదు. ఆన్‌లైన్లో అయితే రిటర్న్ ఉందా, మార్పిడి మాత్రమేనా చదువు. చెవిలో పెట్టే వస్తువుని చాలాచోట్ల వెనక్కి తీసుకోరు.

ఇవి పెట్టుకున్నాక సౌండ్ పెంచకు. రొద తగ్గితే తక్కువలోనే బాగా వినబడుతుంది, అందుకే కదా ఇంత ఖర్చు. పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ దాటకుండా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. మిగిలిన మాటలు ఇంకా చెవిన పడుతుంటే వాన చప్పుడు సన్నగా పెట్టుకో, మాటలు అందులో కలిసిపోతాయి.

బీచ్ రోడ్డు మీద నడిచేటప్పుడు ఏఎన్‌సీ ఆపేసుకో, గాలి మైకుల్లోకి కొట్టి లోపల దడదడ మోగుతుంది. రోడ్డు దాటేటప్పుడూ స్కూటీ మీదా అసలు వద్దు. ఇందులో నేను వినను. చెమటతో ఉన్నవి అలాగే కేసులో పెట్టకు, పొడిబట్టతో తుడిచి పెట్టు, లేకపోతే లోపలి పిన్నులు చిలుము పట్టి ఒక పక్క ఛార్జ్ అవదు. ఒక పక్క సౌండ్ తగ్గిందంటే జాలీలో గుమిలి చేరి ఉంటుంది, టిప్ తీసి పొడి మెత్తని బ్రష్‌తో దులుపు, సూదితో పొడవొద్దు.

డబ్బులు రేపు ఫోన్‌పే చేస్తాను. వారంటీకి బిల్లు కావాలి, తీసుకున్న వెంటనే ఫొటో తీసి నాకు పంపించు. మీ గదిలో గొడవ లారీలదా మాటలదా అన్నది ఈ రాత్రికే చూసి చెప్పు.

నాన్న