హాల్ ప్రయోగం సరళరేఖ దగ్గరే ఆగిపోతోంది

సంపాదకులు గారికి,

నమస్కారం. డిగ్రీ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి హాల్ ప్రయోగం చేయించినవాణ్ణి. జెర్మేనియం ముక్కలో విద్యుత్తు పంపి, దానికి లంబంగా అయస్కాంత క్షేత్రం పెట్టి, పక్క అంచుల మధ్య పుట్టే వోల్టేజీని కొలిచి, క్షేత్రంతోపాటే అది పెరగడాన్ని గ్రాఫు మీద సరళరేఖగా గీసి, రికార్డులో సంతకం పెట్టించుకోగానే మన పిల్లలకు ఆ పాఠం ముగిసిపోతుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్నది అంతవరకే. ఆపై నూరేళ్లకు తేలిన సంగతి, అంటే క్వాంటం హాల్ ప్రభావం, వారికి చేరడం లేదన్నదే నా బాధ.

ఎలక్ట్రాన్లను పైకీ కిందికీ కదలనివ్వక ఒక పలుచని పొరకే పరిమితం చేసి, ద్రవ హీలియంతో చల్లబరిచి, పలు టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత క్షేత్రపు కొలమానం) బలమైన క్షేత్రంలో ఉంచితే ఆ సరళరేఖ మెట్లుగా మారుతుంది. అలిపిరి కాలిబాటలో మెట్లెక్కాక కొంతమేర చదునుగా నడిచినట్టే, క్షేత్రం పెరుగుతున్నా హాల్ నిరోధం (పక్క అంచుల మధ్య వోల్టేజీని పంపిన విద్యుత్తుతో భాగిస్తే వచ్చేది) కాసేపు కదలకుండా నిలిచి, ఆ తరువాతే పై మెట్టుకు చేరుతుంది. నిలిచిన చోటల్లా విద్యుత్తు పారే దిశలో నిరోధం దాదాపు సున్నా. 1980 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ గుర్తించింది ఏమిటంటే, 25,812.807 ఓమ్‌లను 1, 2, 3 వంటి పూర్ణసంఖ్యలతో భాగిస్తే వచ్చేవే ఆ మెట్ల విలువలు. ముక్క పొడవు వెడల్పులతో వాటికి పనిలేదు. మలినాలు కొలతను చెడగొడతాయని పిల్లలకు చెబుతూ వచ్చిన నాకు, ఇక్కడ ఆ మలినాలే కొన్ని ఎలక్ట్రాన్లను కట్టిపడేసి మెట్టును వెడల్పు చేస్తాయని తెలిసిననాడు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

1982లో పూర్ణసంఖ్యల బదులు 1/3 వంటి భిన్నాలకు చెందిన మెట్లు కూడా కనబడ్డాయి. 1989లో వాటికి కాంపోజిట్ ఫెర్మియాన్ల (అయస్కాంత సుడులతో జతకట్టి ఒకే కణంలా మెలిగే ఎలక్ట్రాన్ల) ద్వారా వివరణ ఇచ్చిన జైనేంద్ర జైన్ రాజస్థాన్‌లో పుట్టినవారు. 1990 నుంచి కొలతల సంస్థలు ఓమ్ ప్రమాణాన్ని ఈ మెట్ల మీదే నిలబెడుతున్నాయి. 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకంతో నిర్వచించిన కిలోగ్రామును ఆచరణలో కొలిచి చూపే కిబుల్ త్రాసుకూ (బరువును విద్యుదయస్కాంత బలంతో సరితూచే పరికరం) ఈ నిరోధం ఒక ఆధారం.

అంత క్షేత్రాన్నీ, అంత చలినీ మన డిగ్రీ కళాశాలలు సమకూర్చుకోలేవు, నిజమే. అయితే ఏర్పేడు దగ్గరే ఐఐటీ, ఐసర్ (కేంద్ర విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) ఉన్నాయి. అక్కడి ఆచార్యులు ఏడాదికొకసారైనా తిరుపతి, చిత్తూరు విద్యార్థులకు ఈ పాఠాన్ని తెలుగులో చెప్పాలని, రికార్డులో సరళరేఖ పక్కనే ఆ మెట్ల గ్రాఫును కూడా తోటి అధ్యాపకులు పిల్లలచేత గీయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి