పార్కు బోర్డు మీద ఏం రాయాలి, ఎలా రాయాలి?

తల్లిదండ్రులకు నమస్కారం.

ఏడో తరగతి పిల్లలు మన బడి దగ్గరి పార్కు కోసం బోర్డులు రాస్తున్నారు. ఇంట్లో మీరూ ఓ చెయ్యి వేస్తారు కాబట్టి కొన్ని సంగతులు ముందే చెబుతున్నాం.

పిల్లలు మొదట రాసుకొచ్చే వాక్యం చాలావరకు ఒకటే: "అందరూ చెత్త వేసి పార్కును పాడుచేస్తున్నారు." రాసినవాళ్లకు అది హెచ్చరిక. చదివినవాళ్లకు మాత్రం "ఓహో, అందరూ వేస్తున్నారన్నమాట" అన్న కబురు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఉన్న పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ పార్కులో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీని బృందం దీన్ని పరీక్షించి చూసింది. దారి పక్కన గుర్తులు పెట్టిన శిలాజ కలప (రాయిగా మారిన పాతకాలపు చెట్ల) ముక్కలు ఉంచారు. ఇదివరకు చాలామంది పట్టుకెళ్లారని చెప్పే బోర్డు ఉన్నప్పుడు దాదాపు 8 శాతం ముక్కలు మాయమయ్యాయి. దయచేసి తీసుకెళ్లవద్దని మాత్రమే అడిగినప్పుడు పోయినవి 2 శాతం లోపే. మీ పిల్లల చిత్తులో "అందరూ", "చాలామంది" కనిపిస్తే కొట్టేయించండి.

ఒక బోర్డు ఒక్క పనే అడగాలి, పక్కనే కారణం చెప్పాలి. ఉదాహరణకు: "బాతులకు బ్రెడ్ వేయకండి. మిగిలింది నీళ్లలో కుళ్లి నాచు పెరుగుతుంది." ఇది కొలను గట్టునే ఉండాలి. గేటు దగ్గర చదివింది గట్టు చేరేసరికి ఎవరికి గుర్తుంటుంది? చిత్తును ఇంట్లో ఒకరికి 5 సెకన్లు చూపించి వెనక్కి తిప్పేయండి, ఏం చేయమందో అడగండి. తడుముకుంటే వాక్యం పెద్దదైనట్టే.

3 మీటర్ల నుంచి తేలిగ్గా చదవాలంటే అక్షరం 25 మిల్లీమీటర్ల ఎత్తుండాలి. మన లిపికి ఇంకో చిక్కుంది. పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులకు తగులుకుంటాయి, అందుకే పంక్తుల మధ్య కనీసం ఒక అక్షరమంత ఖాళీ వదలాలి. ముఖ్యమైన మాటను ఎర్ర స్కెచ్‌తో రాయాలని పిల్లలకు మహా ముచ్చట. ఎండకు ముందుగా వెలిసేది సాధారణంగా ఆ ఎరుపే. "పూలు కోయకండి"లో "కోయకండి" వెలిసిపోతే మిగిలేది పూలే! తెలుపు లేదా పసుపు మీద నలుపు చాలు.

లామినేషన్ బడిలోనే చేయిస్తాం. చుట్టూ ఒకటిన్నర సెంటీమీటర్ల ప్లాస్టిక్ అంచు వదిలి, రంధ్రాలు ఆ అంచులోనే వేస్తాం. కాగితానికి రంధ్రం పడితే మొదటి వానకే నీరు లోపలికి పాకి ఇంకు అలుక్కుపోతుంది. బోర్డులను చెట్లకు కొట్టం, కర్రలు పాతి కడతాం. మేకు చేసిన గాయంలోంచి తెగుళ్లు చొరబడతాయి. పోనీ తీగతో కడదామంటే, మాను లావెక్కేకొద్దీ అది బెరడులోకి దిగిపోతుంది. పార్కు సిబ్బంది అనుమతి మేమే తీసుకుంటాం.

పార్కు ఫోటోలు వాట్సాప్‌లో పంచుకునేటప్పుడు పక్షి గూడున్న చెట్టు గుర్తుపట్టేలా ఉంటే పంపకండి. జనం గుమిగూడితే పక్షులు గూడు వదిలేసి పోవచ్చు. మీ పిల్లల ముఖాలు కనిపించే ఫోటోలను బడి వాడుకోవచ్చో లేదో డైరీలోని అనుమతి పత్రంలో రాసి సంతకం చేయండి.

చిత్తులు శుక్రవారంలోగా క్లాసు టీచరుకు అందాలి.

ప్రధానోపాధ్యాయులు