నీ నవ్వు ఎక్కడికీ పోలేదురా

ఒరేయ్ రాంబాబూ,

మొన్న ఫోన్లో "నాకు నవ్వు రావడం మానేసిందిరా, కామెడీ బిట్లు పెట్టుకుని చూసినా మొహం అలాగే ఉంటోంది" అన్నావు చూడు, నువ్వు మామూలుగానే అన్నావేమో గానీ నాకు ఆ మాట అస్సలు దిగలేదు. అప్పటి నుంచీ నవ్వు మీద ఎక్కడ ఏం దొరికితే అది చదువుతున్నాను. చదివిన కొద్దీ నాకు గట్టిగా అనిపిస్తున్నది ఒకటే: నీలో ఏదీ తగ్గలేదు, నీ పక్కన మనుషులు తగ్గిపోయారు.

మనం జోకు వింటే నవ్వుతాం అనుకుంటాం కదా, అది చాలావరకు నిజం కాదట. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ల్యాబులో కూర్చోకుండా, తన విద్యార్థులతో కలిసి మాల్స్‌లో, కాలేజీ దారుల్లో మామూలు జనం మాటలు వింటూ 1200 నవ్వులు రాసుకున్నాడు. ప్రతి నవ్వుకీ ముందు వచ్చిన మాట ఏంటని చూస్తే, జోకు లాంటిది నూటికి 10, 20 చోట్లే ఉంది. మిగతావన్నీ "సరే, మళ్ళీ కలుద్దాం" లాంటి చప్పటి మాటలే! పైగా వినేవాళ్ల కన్నా మాట్లాడేవాళ్లే 46 శాతం ఎక్కువ నవ్వారట. నవ్వు కూడా ఎక్కడపడితే అక్కడ రాదు, వాక్యం అయ్యాకే వస్తుంది, మధ్యలో తెంపుకుని రావడం దాదాపు ఉండదు.

ఇది చదివి మా అంబాజీపేటలో కొబ్బరికాయ ఒలిచేవాళ్ల దగ్గర కాసేపు కూర్చున్నాను. పొద్దుట నుంచీ రాశి ముందు నిలబడి ఒలుస్తూనే ఉంటారు, నవ్వుతూనే ఉంటారు. "ఏం బావా, ఇవాళ ఆలస్యమైందే?" అంటాడొకడు, అందరూ గొల్లుమంటారు. ఆ మాట రాసి నీకు పంపిస్తే ఇందులో నవ్వడానికేముంది అంటావు. నిజంగానే ఏమీ లేదురా. ఆ అన్నవాడు, ఆ బావ, చుట్టూ ఉన్నవాళ్లు, వాళ్ల మధ్య ఇన్నేళ్లుగా నడుస్తున్నదంతా ఉంది.

నీ సంగతికి సరిగ్గా తగిలేది ఇంకోటి చెప్తాను విను. ప్రొవైన్ కొందరిచేత ఎప్పుడెప్పుడు నవ్వారో డైరీలో రాయించాడు. టీవీ, పుస్తకం లాంటివేవీ లేకుండా ఒంటరిగా ఉన్నప్పటి కన్నా నలుగురిలో ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువ నవ్వారు. ముప్ఫై రెట్లురా! నువ్వేమో గచ్చిబౌలిలో ఆ ఒక్క గదిలో, అక్కడే ఆఫీసు పని, అక్కడే పార్సిల్ భోజనం, ఇక నవ్వు రావడం లేదని నిన్ను నువ్వే అనుమానిస్తున్నావు.

నాకు బాగా నచ్చింది మాత్రం 1998లో వెలువడిన ఒక సంగతి. మూర్ఛ వ్యాధి ఉన్న 16 ఏళ్ల అమ్మాయికి ఆపరేషన్ ముందు పరీక్ష చేస్తూ డాక్టర్లు మెదడు ముందు భాగంలో ఎడమవైపు ఒకచోట కొంచెం కరెంటు ఇచ్చారు. తక్కువ ఇస్తే చిరునవ్వు, పెంచితే పకపకా నవ్వు. ఎందుకు నవ్వావమ్మా అంటే ప్రతిసారీ ఒక కారణం చెప్పింది. ఒకసారి చూపించిన గుర్రం బొమ్మ తమాషాగా ఉందంది, ఇంకోసారి చుట్టూ నిలబడ్డ డాక్టర్లే తమాషాగా ఉన్నారంది. నవ్వు ముందొచ్చింది, కారణం తర్వాత దొరికింది. ఇది చదివాక నాకు మన బడి రోజుల్లో చివరి బెంచీ గుర్తొచ్చింది. ఒకడు మొదలెడితే అందరం నవ్వడం, మాష్టారు ఎందుకని అడిగితే ఒక్కడి దగ్గరా సమాధానం లేకపోవడం.

చక్కిలిగింతలూ అంతే. నీకు నువ్వు పెట్టుకుంటే రావు, ఎందుకంటే నీ చెయ్యి ఎక్కడ తగలబోతోందో చిన్నమెదడు ముందే లెక్క కట్టేసి ఆ స్పర్శను తగ్గించేస్తుంది. అవతలి మనిషి చెయ్యే కావాలి.

ఇక ఒంట్లో ఏం జరుగుతుందంటే, ఫిన్లాండ్‌లో 2017లో వెలువడిన ఒక పరిశోధనలో 12 మంది మగాళ్లను స్నేహితులతో కూర్చోబెట్టి అరగంట కామెడీ చూపించి, తర్వాత మెదడు స్కాన్ తీశారు. నొప్పిని తగ్గించే, హాయిగా అనిపించే ఓపియాయిడ్లు మెదడే విడుదల చేసుకున్నట్టు కనిపించింది. అంతకుముందు రాబిన్ డన్‌బార్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త, బాగా నవ్విన తర్వాత జనం నొప్పిని ఎక్కువ ఓర్చుకుంటున్నారని చూపించాడు. ఒలుపు పనివాళ్లు ఎండలో అంతసేపు ఎలా ఓర్చుకుంటున్నారో దీంతో కొంత అర్థమైనట్టనిపించింది, ఇది నా ఊహే అనుకో.

మన భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు రకాలు చేశాడు. స్మితం దగ్గర మొదలుపెట్టి అతిహసితం దాకా. కళ్లనీళ్లు కారుతూ, పెద్ద గొంతుతో, చేతులతో డొక్కలు పట్టుకుని నవ్వేది అతిహసితం, దాన్ని అధముల నవ్వన్నాడు. పెద్దాయనే గానీ ఆ మాట నేనొప్పుకోను. మన గోదావరోళ్ల వెటకారానికి వచ్చేది ఆ నవ్వే, పరాయివాడి ముందు అది రాదు. ఒక పరిశోధనలో 24 సమాజాల్లో 966 మందికి సెకను పాటు ఇద్దరు కలిసి నవ్విన శబ్దం మాత్రమే వినిపించి, వీళ్లు స్నేహితులా, కొత్తవాళ్లా అని అడిగితే, గుడ్డిగా చెప్పినదానికన్నా మెరుగ్గానే గుర్తుపట్టారు. భాష రాకపోయినా సరే!

ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పు. నవ్వు రాకపోవడమే కాదు, నిద్ర పట్టడం లేదన్నా, అన్నం సహించడం లేదన్నా, ఏదీ వద్దనిపిస్తోందన్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించుకో, నేనొచ్చి తీసుకెళ్తాను. అదేం లేదంటే, ఇవాళ్టి నుంచి మధ్యాహ్నం భోజనం గదిలో చెయ్యకు. టీమ్‌లో ఆ భీమవరం కుర్రాడు ఉన్నాడన్నావుగా, వాడిని పిలువు.

కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు వస్తాయి. మనవాళ్లందరికీ చెప్పేశాను, నువ్వు భోగికే ఇక్కడ ఉండాలి. టికెట్ తియ్యగానే మెసేజ్ పెట్టు, తెల్లారి ఏ టైముకైనా సరే రావులపాలెంలో బండేసుకుని ఉంటాను.

నీ
శ్రీను