ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ గురించి మా కస్టమర్లకు

ఫోర్ బై ఫోర్ బళ్ళు మా దగ్గర సర్వీస్ చేయించుకునే అందరికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మా షెడ్‌లో ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు వెనక ఇరుసులకు పంచే పెట్టె) ఆయిల్ మార్చే పద్ధతి మారుతోంది. ఆ పనికి అయ్యే ఖర్చు కూడా కొంచెం పెరుగుతుంది. బిల్లు చూశాక మీరు అడిగేకంటే ముందే నేను చెప్పడం న్యాయం కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మన విజయవాడ ఆటోనగర్‌లో చాలా చోట్ల గేర్‌బాక్సుకీ, ట్రాన్స్‌ఫర్ కేసుకీ, ముందు వెనక హౌసింగులకీ (ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ గేర్లుండే భాగాలు) కలిపి బిల్లులో 'గేర్ ఆయిల్ మార్పు' అని ఒకటే లైను ఉంటుంది. ఇక మా బిల్లులో అది ఉండదు. ఏ భాగంలో ఏ ఆయిల్ పోశామో, ఏ గ్రేడో, ఎన్ని లీటర్లో విడివిడిగా రాస్తాం. ఖాళీ డబ్బాలు మీ చేతికే ఇస్తాం. మీ బండి మాన్యువల్లో ఆయిల్ పేజీ మేం కళ్ళారా చూడకుండా ట్రాన్స్‌ఫర్ కేసు బోల్టు విప్పం. మాన్యువల్ పోయిందంటే ఛాసిస్ నంబరు ఇవ్వండి, కంపెనీ వాళ్ళ దగ్గర కనుక్కుని అప్పుడే పని మొదలుపెడతాం. దీనివల్ల ఒక్కోసారి బండి ఒక రోజు ఎక్కువ ఆగొచ్చు.

"ఆయిలే కదన్నా, ఎందుకింత హడావిడి?" అని ఇప్పటికే కొందరు అడిగారు. ట్రాన్స్‌ఫర్ కేసు లోపల ఏముందో తెలిస్తే ఆ ప్రశ్న రాదు. గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ పంచేది అదే. బయటినుంచి చూస్తే అన్నీ ఒకేలాంటి అల్యూమినియం పెట్టెలు. లోపల మాత్రం ముఖ్యంగా రెండు రకాలు. ఒకదాంట్లో మొత్తం గేర్లే. పాత మారుతి జిప్సీది అలాంటిదే, ల్యాండ్ రోవర్ డిఫెండర్లలో వచ్చిన ఎల్‌టీ230 కూడా అలాంటిదే. గేర్లు తిరుగుతూ ఆయిల్‌ని చిమ్ముకుని తడుపుకుంటాయి కాబట్టి వీటికి సాధారణంగా చిక్కటి గేర్ ఆయిల్ కావాలి. రెండో రకంలో ముందు ఇరుసుకి శక్తిని వెడల్పాటి గొలుసు తీసుకెళుతుంది. వీటిలో చాలావాటికి లోపలే చిన్న ఆయిల్ పంపు, దాని నోటికి సన్నటి జాలీ ఉంటాయి. వీటికి ఎక్కువగా అడిగేది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల కోసం చేసే, మన మెకానిక్కులు పవర్ స్టీరింగ్ ఆయిల్ అని పిలిచే ఎర్ర ఆయిల్. జీప్ ర్యాంగ్లర్‌కి చాలా తరాలుగా ఏటీఎఫ్ ప్లస్ 4 అనే గ్రేడే రాసి ఉంటుంది.

ఈ రెండిటి చిక్కదనం మధ్య తేడా చిన్నది కాదు. బాగా వేడెక్కి 100 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు డెక్స్‌రాన్ 3 రకం ఏటీఎఫ్ చిక్కదనం సెంటీస్టోక్స్ అనే కొలతలో దాదాపు 7. మనం నైంటీ ఆయిల్ అనే 90 గ్రేడు గేర్ ఆయిల్ 13.5 నుంచి 18.5 మధ్య ఉంటుంది. గొలుసు కేసులో నైంటీ పోస్తే ఆ చిన్న పంపు దాన్ని లాక్కోలేక తంటాలు పడుతుంది. లంబసింగి చలి వరకూ ఏదోలా నడిచిపోవచ్చు. కానీ మన కుర్రాళ్ళు ఇప్పుడు ఏటా లడఖ్ వెళ్తున్నారు. అక్కడ తెల్లవారుజామున సున్నాకి ఎంతో కిందికి పడిపోయిన చలిలో బండి స్టార్ట్ చేస్తే పై బేరింగులకు ఆయిల్ ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో ఆలోచించండి. గేర్ల కేసులో ఏటీఎఫ్ పోస్తే దీనికి తిరగబడి జరుగుతుంది. పళ్ళ మధ్య పొర పలచబడి శబ్దం మొదలవుతుంది, పాత సీళ్ళ దగ్గర కారడం మొదలవుతుంది. రెండు సందర్భాల్లోనూ ఆ రోజే బండి ఆగిపోదు. నాకు టెన్షన్ అక్కడే. తప్పు ఆయిల్‌తో నెలల తరబడి తిరిగి, అరుగుదలంతా జరిగిపోయాక బండి మా దగ్గరికి వస్తుంది.

మూడో రకం కూడా ఉంది. లోపల క్లచ్ ప్లేట్లుండి, అవసరమైనప్పుడు కంప్యూటరే ముందు చక్రాలకు పట్టు ఇచ్చే కేసులు. వీటికి కంపెనీ చెప్పిన ఆయిల్ తప్ప ఇంకేదీ పోయకూడదు. బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్ కేసులకు వేరే ఆయిలే ఉంది. జనరల్ మోటార్స్ వాళ్ళు ఆటో ట్రాక్ కేసుల కోసం నీలం రంగు ఆయిల్ ప్రత్యేకంగా తయారు చేయించుకున్నారు. ఆ ప్లేట్లు ఎంత పట్టాలి, ఎంత జారాలి అన్నది ఆయిల్‌లో కలిపే మందుల మీదే ఆధారపడి ఉంటుంది. చిక్కదనం సరిపోయినంత మాత్రాన సరిపోదు.

గేర్ ఆయిల్ డబ్బాల మీద రాసే జీఎల్-4, జీఎల్-5 రకాల విషయంలో చాలామందికి ఒక నమ్మకం ఉంది, 5 అంటే 4 కన్నా మంచిదని. కాదండీ. జీఎల్-5 హౌసింగ్ కోసం. అక్కడ క్రౌన్, పీనియన్ పళ్ళు ఒకదాని మీద ఒకటి గట్టిగా రుద్దుకుంటూ జారతాయి, అందుకే గంధకం, ఫాస్ఫరస్ మందులు దాదాపు రెట్టింపు కలుపుతారు. గేరు సాఫీగా పడేందుకు ఇత్తడి, కంచు సింక్రో రింగులున్న పెట్టెల్లో అదే మందు కొన్ని ఆయిళ్ళలో ఆ రింగుల్ని తినేస్తుంది, గేరు పడేటప్పుడు రింగుకి కావలసిన పట్టునూ తగ్గిస్తుంది. మాన్యువల్లో జీఎల్-4 అని ఉంటే జీఎల్-4 పోయాలి, జీఎల్-5 అని ఉంటే జీఎల్-5 పోయాలి. ఇందులో నా అనుభవానికి గానీ మీ బావమరిది సలహాకి గానీ చోటు లేదు.

గేర్ ఆయిల్ నంబర్లనీ ఇంజిన్ ఆయిల్ నంబర్లనీ కూడా పోల్చకండి. రెండిటి కొలతలు వేరు. 75 డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, 10 డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ వేడి మీద ఇంచుమించు ఒకే చిక్కదనంలో ఉంటాయి. పాత ఇసుజు ట్రూపర్‌లో మాన్యువల్ గేర్‌బాక్సుకీ ట్రాన్స్‌ఫర్‌కీ ఇంజిన్ ఆయిలే పోయమని కంపెనీ రాసింది. ఇప్పటి టొయోటా ఫోర్ బై ఫోర్లలో చాలావాటికి 75 డబ్ల్యూ అనే బాగా పలచటి గేర్ ఆయిల్ అడుగుతున్నారు. ఇవన్నీ ఊహించి చెప్పగలిగేవి కావు. పైగా ఒకే పేరున్న బండికైనా తయారైన ఏడాదిని బట్టి లోపలి కేసు మారిపోతుంది. నిరుడు మీ స్నేహితుడి బండికి పోసింది మీ బండికి పనికొస్తుందన్న హామీ లేదు.

బయట ఆయిల్ కొనుక్కొచ్చేవాళ్ళకు ఒక మాట. సీలు వేసిన డబ్బా, మాన్యువల్లో ఉన్న గ్రేడు అయితే సంతోషంగా పోస్తాం, మాకు కూలి ఇస్తే చాలు. లూజు ఆయిల్ పోయం. డబ్బా మీద డెక్స్‌రాన్ 3 అని ఉంటే జాగ్రత్తగా చూడండి. జనరల్ మోటార్స్ ఆ పేరుకి లైసెన్సు ఇవ్వడం 2006 చివరితో ఆపేసింది. ఇప్పుడు ఆ పేరుతో వచ్చేదంతా తయారీదారు తన మాట మీద అమ్ముతున్నదే. మంచి కంపెనీలవి చాలా ఉన్నాయి, నేనే కొన్ని వాడతాను. ఊరూ పేరూ లేని డబ్బా అయితే వద్దంటాను.

ఇక నీళ్ళ సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల ఎన్ని బళ్ళు మునిగాయో మనం అందరం చూశాం. మునిగిన బండికి ఇంజిన్ బాగుచేయించుకుని, సీట్లు ఆరబెట్టుకుని, ట్రాన్స్‌ఫర్ కేసు మాట మరిచిపోయినవాళ్ళు ఉన్నారు. వేడిగా ఉన్న పెట్టె చన్నీళ్ళలో దిగితే లోపలి గాలి ఒక్కసారి ముడుచుకుని, సీళ్ళ పక్కనుంచీ, గాలి ఆడే బ్రీదర్ పైపు నుంచీ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అలాంటి ఆయిల్ పాలు కలిపిన టీలా బయటికొస్తుంది. అప్పుడు కిలోమీటర్ల లెక్క చూడక్కర్లేదు, వెంటనే మార్చాలి. మారేడుమిల్లి వాగుల్లో దింపినవాళ్ళకీ ఇదే చెబుతాను.

ఆయిల్ దింపినప్పుడు మీరు పక్కనే ఉండండి. మా కుర్రాళ్ళు ముందు ఆయిల్ పోసే పై బోల్టు విప్పి, అది ఊడిందని తేల్చుకున్నాకే కింది బోల్టు విప్పుతారు. పై బోల్టు పట్టేసి ఉంటే, ఉన్న ఆయిల్ దింపేసి కొత్తది పోయడానికి దారి లేక బండి నిలబడిపోతుంది. కింది బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు పేస్టులా అంటుకుంటే అది మామూలు అరుగుదలే. ముక్కలు, రేకులు కనిపిస్తే పెట్టె విప్పాల్సిందే. ట్రాన్స్‌ఫర్‌లో పోసినదానికంటే ఎక్కువ ఆయిల్ వచ్చి, గేర్‌బాక్సులో తక్కువ ఉంటే మధ్య సీలు పోయిందని అర్థం. అప్పుడు సీలు మార్చకుండా ఆయిల్ మాత్రమే మార్చి మీ దగ్గర డబ్బులు తీసుకోను.

ఆయిల్‌తో తీరని సమస్యలకు కూడా ఆయిల్ మార్చమంటూ వస్తున్నారు. ఎక్కువమంది చెప్పేది, మలుపులో బండి బిగుసుకుపోతోందని, ఫోర్ హెచ్ (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్ళే స్థానం) నుంచి లివర్ వెనక్కి రావడం లేదని. థార్, జిమ్నీ లాంటి బళ్ళలో ముందూ వెనకల మధ్య తిరుగుడు తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు. ఫోర్ హెచ్ వేసి ఎండిన తారు రోడ్డు మీద తిరిగితే, మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు దూరాలు తిరగాలి కాబట్టి ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలికలా బిగుస్తుంది. స్టీరింగ్ నేరుగా పెట్టి కాస్త వెనక్కి నడిపితే వదులుతుంది. రెండు టైర్లు కొత్తవి, రెండు అరిగినవి వేసుకున్నా ఇదే బాధ. ఇలాంటప్పుడు ఆయిల్ మార్చి పంపడం నాకు తేలిక, కానీ మీకు ఉపయోగం లేదు. అలాగే నెలకోసారి మట్టిరోడ్డు మీద నేరుగా కొద్ది కిలోమీటర్లు ఫోర్ హెచ్‌లో నడపండి. ముందు వైపు బేరింగులకూ సీళ్ళకూ ఆయిల్ అందుతుంది.

ఖర్చు ఎందుకు పెరుగుతోందంటే, ఒకే రకం గేర్ ఆయిల్ డ్రమ్ము కొంటే లీటరు చవకగా పడుతుంది. రకరకాల గ్రేడుల్లో లీటరు డబ్బాలు తెచ్చిపెట్టుకుంటే ఎక్కువ పడుతుంది, కొన్ని నెలల తరబడి షెల్ఫులోనే ఉంటాయి. ఆ భారం కొంత నేను భరిస్తాను, కొంత మీ బిల్లులో వస్తుంది. జిప్సీ ట్రాన్స్‌ఫర్‌కి పట్టేది లీటరు లోపే, కాబట్టి పెరిగేది మీరు భయపడేంత కాదు. మాన్యువల్లో చెప్పిన కిలోమీటర్లు ఇంకా రాలేదు, నీళ్ళలో దింపలేదు అంటే అసలు ఇప్పుడు మార్చక్కర్లేదు. అడిగితే నేనే వద్దంటాను.

ఈ వర్షాకాలంలో వాగులు దాటినవాళ్ళు, వరద నీళ్ళలో నడిపినవాళ్ళు ఎవరైనా సరే, లెవెలూ రంగూ చూడటానికి డబ్బులు తీసుకోం. లిఫ్టు ఒకటే ఉంది కాబట్టి వచ్చే ముందు ఫోన్ చేయండి. సోమవారం ఉదయం రద్దీ ఎక్కువ, మిగతా రోజుల్లో మధ్యాహ్నం వస్తే తొందరగా అయిపోతుంది. మాన్యువల్ బండిలోనే పెట్టుకుని రండి.