బెర్లిన్‌లో నీ మొదటి శని, ఆదివారాలు

ఒరేయ్ కిరణ్,

నీ మెసేజ్ చూశాను. రూమ్ దొరికింది, అడ్రస్ రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఇక ఈ వారం ఊరు చూడాలంటున్నావు. బాగుంది. కానీ నువ్వు పంపిన లిస్టు మాత్రం పక్కన పెట్టెయ్. అన్ని చోట్లకీ పరుగెత్తితే నీకు గుర్తుండేవి రైలు మెట్లే. బెర్లిన్ నలభై ఏళ్ళు రెండు ఊళ్ళుగా బతికింది. అందుకే దీనికి నడిబొడ్డు ఒకటి కాదు, రెండు. పడమట జూ స్టేషన్ దగ్గర ఒకటి, తూర్పున అలెగ్జాండర్‌ప్లాట్జ్ దగ్గర ఇంకోటి. శనివారం ఆ రెంటినీ కలిపే బస్సెక్కు. ఆదివారం ఆ రెంటినీ విడదీసిన గీత వెంట నడువు. ఈ రెండు పనులూ చేస్తే ఊరి లెక్క నీకు తెలిసిపోతుంది.

శుక్రవారం రాత్రే కొన్ని పనులు చూసుకో. పట్టాల మరమ్మతులు ఇక్కడ ఎక్కువగా శని, ఆదివారాల్లోనే పెట్టుకుంటారు. నువ్వు రోజూ ఎక్కే రైలు ఆ రెండు రోజులూ సగం దారిలో ఆగిపోవచ్చు. ఊరి రవాణా సంస్థ బీవీజీ యాప్‌లో దారి వెతికినప్పుడు 'ఎర్జాట్జ్' అన్న మాట కనిపిస్తే రైలు బదులు బస్సు వేశారన్నమాట. అప్పుడు ఇరవై నిమిషాలు ఎక్కువ వేసుకుని బయలుదేరు. నీ సెమిస్టర్ టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది కదా, పవర్ బ్యాంక్ తప్పనిసరి. చెకింగ్ వాళ్ళు మామూలు బట్టల్లోనే వస్తారు. ఛార్జింగ్ అయిపోయిందంటే వాళ్ళు వినరు, 60 యూరోల ఫైన్ రాసేస్తారు. ఇంకో ఊరి నుంచి ఎవరైనా నీతో వచ్చి, స్టేషన్ మెషిన్‌లో కాగితం టికెట్ కొంటే, ప్లాట్‌ఫామ్ మీది చిన్న పెట్టెలో దాన్ని స్టాంప్ చేయించమని చెప్పు. స్టాంప్ లేని టికెట్ ఉన్నా లేనట్టే. ఊళ్ళో తిరగడానికి ఏబీ జోన్ల టికెట్ చాలు. పోట్స్‌డామ్, ఎయిర్‌పోర్ట్ సీ జోన్‌లోకి వస్తాయి.

పార్లమెంటు గాజు గోపురం ఎక్కడానికి డబ్బు కట్టక్కర్లేదు, కానీ ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరు ఉన్నట్టే కొట్టు. మన ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా గేటు దగ్గర ఇబ్బంది పెడుతుంది. అసలు పాస్‌పోర్ట్ వెంట ఉంచుకో. ఇప్పటికే స్లాట్లు అయిపోతే దిగులుపడకు, ఇంకో వారం చూసుకోవచ్చు.

శనివారం పొద్దున ముందు సరుకులు తెచ్చేసుకో. ఆదివారం సూపర్ మార్కెట్లన్నీ మూసేస్తారు. పెద్ద స్టేషన్లలోని కొన్ని దుకాణాలు, వీధి మూలల్లో ఉండే 'ష్పేటి' కొట్లు మాత్రమే తెరిచి ఉంటాయి. వాటిలో పాల ధర చూస్తే నీకే తెలుస్తుంది. ఆదివారం కోసం పులిహోర కలిపి పెట్టుకో, చల్లారినా బాగుంటుంది. నీళ్ళ సీసా కొనకు, కుళాయి నీళ్ళే తాగొచ్చు. కొన్నా ఖాళీ సీసా పారేయకు. వాడి పడేసే ప్లాస్టిక్ సీసాకీ, డబ్బాకీ 25 సెంట్ల 'ఫాండ్' ముందే పట్టుకుంటారు, సూపర్ మార్కెట్ మెషిన్‌లో వేస్తే తిరిగొస్తుంది. డబ్బాను నలిపితే మెషిన్ బార్‌కోడ్ చదవలేక వెనక్కి తోసేస్తుంది. దారిలో వదిలించుకోవాలంటే చెత్తబుట్టలో వేయకుండా పక్కన నిలబెట్టు. వాటిని ఏరుకునేవాళ్ళ చేతులు చెత్తలో పెట్టాల్సిన అవసరం ఉండదు.

ఇక 100వ నంబర్ బస్సు. 1990లో, ఊరు మళ్ళీ ఒకటయ్యాక, రెండు నడిబొడ్డులనీ కలిపిన బస్సు ఇది. జూ స్టేషన్ దగ్గర, అంటే మొదటి స్టాప్‌లోనే ఎక్కు. డబుల్ డెక్కర్ వస్తే పైన ముందు సీటు పట్టుకో. విజయస్తంభం, అధ్యక్షుడి భవనం, పార్లమెంటు అన్నీ కిటికీలోంచే కనిపిస్తాయి. పార్లమెంటు దగ్గర దిగి బ్రాండెన్‌బుర్గ్ గేటు దాకా నడిచి, మళ్ళీ అదే నంబర్ ఎక్కి లుస్ట్‌గార్టెన్‌లో దిగితే మ్యూజియం ద్వీపం. పెర్గామోన్ మ్యూజియం 2023 అక్టోబరులో మరమ్మతులకు మూసేశారు, ఒక భాగం 2027లో తెరుస్తామన్నారు. అందుకని నోయెస్ మ్యూజియం ఒక్కటే చూడు. స్టూడెంట్ కార్డు చూపిస్తే టికెట్ తగ్గుతుంది. అక్కడ ఈజిప్టు రాణి నెఫెర్టిటి శిల్పం గదిలో ఫొటో తీయనివ్వరు. అదీ మంచిదే. ఎడమ కంటిలో పొదిగిన కనుపాప లేదు, కుడి కంటిలో ఉంది. చుట్టూ నెమ్మదిగా తిరిగి చూస్తే ఆ ఒక్క తేడాతో ముఖం రెండు రకాలుగా కనిపిస్తుంది.

ఆదివారం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ ఊరంతా అక్కడే ఉంది. ఎస్-బాన్ లోకల్ రైలెక్కి నోర్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్‌లో దిగు. పైకి వచ్చేయకు, స్టేషన్‌లోనే గోడల మీద ఫొటోలున్నాయి, చూడు. తూర్పు, పడమర బెర్లిన్‌లను విడదీసిన గోడ ఉన్న రోజుల్లో పశ్చిమ బెర్లిన్ రైళ్ళు తూర్పు నేల కింద నుంచి వెళ్ళేవి, కానీ ఈ స్టేషన్లో ఆగేవి కావు. ప్లాట్‌ఫామ్ మీద సరిహద్దు కాపలావాళ్ళు మాత్రమే ఉండేవాళ్ళు. బయటికొస్తే బెర్నౌవర్ వీధి. దాదాపు 1.4 కిలోమీటర్ల పొడవునా స్మారకమే, టికెట్ లేదు. 1961 ఆగస్టు 13న సరిహద్దు మూసేసినప్పుడు ఈ వీధిలో ఇళ్ళు తూర్పువి, ఇంటి ముందు కాలిబాట పడమటిది. కిటికీలోంచి దూకితే చాలు, దేశం మారిపోయేది. మొదట్లో మనుషులు అలాగే దూకారు. తర్వాత కిటికీలకు ఇటుకలు కట్టేశారు, ఆ తర్వాత ఇళ్ళే పడగొట్టేశారు.

గోడ పోయిన చోట తుప్పు రంగు ఇనుప కడ్డీలు వరసగా పాతారు. ఎదురుగా నిలబడితే సందుల్లోంచి అవతలి పచ్చిక కనిపిస్తుంది. పక్కకు జరిగి ఏటవాలుగా చూడు, కడ్డీలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి గోడలా కమ్మేస్తాయి. అక్కడ రెండు నిమిషాలు అటూ ఇటూ నడువు. రోడ్డుకు అవతల డాక్యుమెంటేషన్ సెంటర్ మీద చూసేందుకు మెట్ల బురుజు ఉంది. అది సోమవారాలు మూస్తారు, ఆదివారం బాధ లేదు. పైనుంచి చూస్తే రెండు గోడలు, మధ్యలో కాపలా పట్టీ పాత రూపంలోనే కనిపిస్తాయి. ఇంకాస్త ముందుకెళ్తే గుండ్రటి మట్టి గోడల ప్రార్థనా మందిరం. సరిహద్దులో ఇరుక్కుపోయిన చర్చిని 1985లో పేల్చేశారు. ఆ చర్చి ఇటుక ముక్కలే దిమ్మిసతో కొట్టి గట్టిపరిచిన ఈ మట్టిలో కలిపారు. గోడను దగ్గరగా చూస్తే ఎర్రగా కనిపిస్తాయి.

వీధి చివర మౌవర్‌పార్క్. ఆదివారం అక్కడ పాత సామాన్ల సంత. చిన్న నోట్లు ఉంచుకో, చాలామంది కార్డు తీసుకోరు. చలికోటు కొంటే జిప్పు రెండుసార్లు లాగి చూడు, చంకల దగ్గర కుట్లు చూడు. సైకిల్ మాత్రం రసీదు లేకుండా కొనకు, దొంగసొత్తయితే నువ్వు ఇరుక్కుంటావు. ఆకలేస్తే ఫలాఫెల్ తీసుకో. సాస్ ఏదని అడుగుతారు, 'షార్ఫ్' అంటే కారం. మన నాలుకకి అది తేలిక.

చలికాలంలో అయితే ఇదంతా పొద్దున పదింటికే మొదలుపెట్టాలి. డిసెంబరులో నాలుగు కొట్టకముందే పొద్దుగూకుతుంది. వర్షం పడితే ఎస్41 రైలెక్కి ఊరి చుట్టూ ఒక చుట్టు చుట్టు, గంట పడుతుంది. సాయంత్రం ఓపికుంటే యు7 మెట్రోలో బ్లాష్కోఆలీ దిగు, బ్రిట్జ్‌లో మురుగన్ గుడి ఉంది. బయలుదేరే ముందు గుడి వేళలు చూసుకో.

స్లాట్ దొరికిందో లేదో చెప్పు. గోపురానికి మాత్రం నేనూ వస్తాను, ఇద్దరి పేర్లూ ఒకే ఫారంలో పెట్టు.

నీ
మధు