ఫోన్ డబ్బా మీద అప్‌డేట్లు ఆగే తేదీ కూడా వేయాలి

సంపాదకుడు గారికి,

ప్రభుత్వ యాప్ సంచార్ సాథీని ప్రతి కొత్త ఫోన్‌లోనూ ముందే ఎక్కించి అమ్మాలని 2025 నవంబర్ 28న టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. 90 రోజులు గడువిచ్చింది. విషయం బయటికి పొక్కగానే పార్లమెంటు నుంచి టీ కొట్టు దాకా ఒకటే గోల. నాకు అక్కర్లేని యాప్ నా ఫోన్‌లో ఎందుకు, తీసేద్దామంటే వీలెందుకు లేదు అని అందరూ నిలదీశారు. డిసెంబర్ 3న కేంద్రం వెనక్కి తగ్గింది. మంచి పనే. పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయించడానికి ఆ యాప్ పనికొస్తుందని నేనే కస్టమర్లకు చెబుతుంటాను. అయినా బలవంతంగా అంటగట్టడం తప్పే. నా బాధల్లా ఒకటే. అదే ఫోన్‌లో కంపెనీవాళ్లు ఇష్టమొచ్చినట్టు నింపి పంపే యాప్‌ల మీద ఈ కోపం ఎటు పోయింది?

నాది జనగామలో మొబైల్ రిపేరు షాపు. పది, పన్నెండు వేల ఫోన్లే ఎక్కువగా వస్తాయి. డబ్బా మీద 64 జీబీ అని ఉంటుంది. సిమ్ వేసి ఆన్ చేసేసరికే పదిహేను, ఇరవై జీబీ నిండిపోయి ఉంటుంది. ఆండ్రాయిడ్‌కు కొంత చోటు కావాలి, కాదనను. మిగతాది చూస్తే రెండు బ్రౌజర్లు, రెండు యాప్ స్టోర్లు, ఎవరూ అడగని గేమ్‌లు, అప్పు ఇస్తామంటూ వెంటపడే ఫైనాన్స్ యాప్, లాక్ స్క్రీన్ మీద వార్తలూ ప్రకటనలూ తిప్పేది ఇంకొకటి. పెద్దవాళ్లకు ఈ చివరిదాంతోనే అవస్థ. పింఛను పడిందా అని మెసేజ్ చూసుకుందామని ఫోన్ తీస్తారు. వేలు తగిలి ఎక్కడికో పోతుంది, డౌన్‌లోడ్ మొదలవుతుంది. “నేనేం నొక్కలే బిడ్డా, అదే అచ్చింది” అంటూ ఒక పెద్దామె ఫోన్ నా చేతిలో పెట్టింది. నెలకు సరిపడా వేయించుకున్న డేటా ప్యాక్ వారంలోనే అయిపోయింది.

తీసేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళ్తే అన్‌ఇన్‌స్టాల్ కనిపించదు. డిసేబుల్ ఉంటుంది, కొన్నింటికి అదీ ఉండదు. వీటిని మనం వాడుకునే స్టోరేజ్‌లో కాకుండా సిస్టమ్ భాగంలో పెడతారు. ఆ భాగాన్ని మనం మార్చలేం. డిసేబుల్ చేస్తే యాప్ పనిచేయడం మానేస్తుందే గానీ సిస్టమ్‌లో అది ఆక్రమించిన చోటు మనకు దక్కదు. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే మళ్లీ లేచి కూర్చుంటుంది. స్టోరేజ్ ఫుల్ అని ఫోన్ మొత్తుకున్నప్పుడు జనం చెరిపేసేది మనవడి ఫొటోలనే.

కాస్త తెలిసినవాళ్లకు ఒక దొడ్డిదారి ఉంది. సెట్టింగ్స్‌లో ఉండే బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి, అక్కడి నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే ఏడీబీ అనే టూల్‌లో కమాండ్ ఒకటి కొడితే ఆ యాప్ మనకు కనిపించకుండా పోతుంది. పొరపాటున వేరే యాప్ పేరు కొట్టారో, ఫోన్ లోగో దగ్గరే ఆగిపోవచ్చు. ఇదీ శాశ్వతం కాదు, రీసెట్‌తో తిరిగొస్తుంది.

ఇక మిగిలింది రూట్. ఆండ్రాయిడ్‌కు అడుగున ఉన్నది లినక్స్. అందులో దేన్నైనా మార్చగల అధికారం రూట్ అనే యూజర్‌ది. ఫోన్ కొన్నవాడికి ఆ అధికారం ఇవ్వరు. కావాలంటే ముందు బూట్‌లోడర్‌ను, అంటే ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రాంను, అన్‌లాక్ చేయాలి. ఒక కంపెనీ అందుకు రోజుల తరబడి ఆగమంటుంది, ఇంకొకటి అసలు కుదరదంటుంది. అన్‌లాక్ చేసిన మరుక్షణం ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. తర్వాత సర్వీస్ సెంటర్‌లో వారంటీ పేచీ. కంపెనీ అప్‌డేట్లు మామూలుగా ఎక్కవు. అన్నిటినీ మించి బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు మొరాయిస్తాయి. కొత్తిమీర కట్టకు కూడా స్కాన్ చేస్తున్న రోజుల్లో యూపీఐ రాని ఫోన్ ఎవరికి కావాలి? రూట్ చేయమని కుర్రాళ్లు వస్తే నేను చేయను. ఊరూ పేరూ లేని సైట్ నుంచి దింపిన ఫైల్‌తో రూట్ చేసిన ఫోన్‌లో ఏ యాప్ ఏం చదువుతోందో ఎవరూ చెప్పలేరు. ఆ మేరకు బ్యాంకుల భయం ఉత్తిది కాదు.

అయితే ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్లలో లీనియేజ్ ఓఎస్ లాంటివి వేసుకునేవాళ్లున్నారు. వాలంటీర్లు తయారుచేసే ఆండ్రాయిడ్ అది. దాంతో పాత ఫోన్‌కు కూడా తాజా సెక్యూరిటీ ప్యాచ్, అంటే లోపాలు పూడ్చే అప్‌డేట్, అందుతుంది. ఆ ఫోన్‌ను చాలా బ్యాంకు యాప్‌లు గడప తొక్కనివ్వవు. మూడేళ్లుగా ఒక్క ప్యాచ్ కూడా పడని ఫోన్‌ను మాత్రం, కంపెనీ సాఫ్ట్‌వేర్ చెక్కుచెదరలేదు కాబట్టి, రమ్మంటాయి. ఆండ్రాయిడ్‌లో బయటపడ్డ లోపాల జాబితాను గూగుల్ 2015 ఆగస్టు నుంచి నెలనెలా విడుదల చేస్తోంది. దొంగలూ దాన్ని చదువుతారు. ప్యాచ్ పడని ఫోన్‌లో ఎక్కడ కన్నం ఉందో వాళ్లకు తెలుసు, ఫోన్ యజమానికే తెలియదు.

అప్‌డేట్ అంటే జనానికి భయం కూడా ఉంది. “అన్నా, అప్‌డేట్ కొడితే స్లో అయితది కదా” అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. అప్‌డేట్ అయిన మర్నాడే స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత పడిందని ఫోన్ తెచ్చినవాళ్లున్నారు. అప్‌డేట్ వల్లే అని వాళ్లంటారు, హార్డ్‌వేర్ లోపం అని సర్వీస్ సెంటర్ అంటుంది, డిస్‌ప్లే డబ్బులు మాత్రం కస్టమరే కడతాడు. ఈ భయాన్ని మూఢనమ్మకం అని కొట్టేయలేం. అప్‌డేట్లు ఫోన్లను నెమ్మదింపజేశాయని ఇటలీ 2018లో యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. అందుకే ఫోన్ ముఖమే మార్చేసే పెద్ద అప్‌డేట్‌ను, లోపాలు పూడ్చే సెక్యూరిటీ ప్యాచ్‌ను విడివిడిగా ఇవ్వాలి. మొదటిది వద్దనుకునే స్వేచ్ఛ ఉండాలి. రెండోది మానకూడదు.

ఇన్ని యాప్‌లు ఎక్కిస్తేనే ఈ ధరకు ఇవ్వగలం అనేది కంపెనీల వాదన. అందులో కొంత నిజం ఉంది. హార్డ్‌వేర్ మీద 5 శాతానికి మించి లాభం తీసుకోబోమని షియోమి 2018లో బహిరంగంగానే ప్రకటించింది. అంటే మిగతా సంపాదన సేవల మీద, ప్రకటనల మీద రావాలి. వ్యాపారమన్నాక తప్పుపట్టలేం. కానీ ఆ సంగతి కొనేవాడికి ముందే చెప్పాలి కదా. కిలో చక్కెర ప్యాకెట్ మీద నికర బరువు వేయకపోతే తూనికలు కొలతల శాఖ కేసు రాస్తుంది. 64 జీబీ ఫోన్‌లో వాడుకోవడానికి మిగిలేదెంతో డబ్బా మీద వేయమని ఎవరూ అడగరు.

ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శాంసంగ్ 2024లో ఎస్24కు హామీ ఇచ్చాయి. అవి డబ్బున్నవాళ్ల ఫోన్లు. ఈమధ్య కొన్ని మధ్యరకం ఫోన్లకూ ఆరేళ్లంటున్నారు. నా షాపుకొచ్చే ఫోన్లలో చాలావాటికి రెండు మూడేళ్లతో సరి. అప్‌డేట్లు ఆగే తేదీ ఎప్పుడో కస్టమర్‌కే కాదు, అమ్మిన షాపువాడికీ తెలియదు.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి కనీసం ఎంతకాలం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో తయారీదారు ముందే చెప్పాలి. యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు ముందుకేసి, మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం 5 ఏళ్లు అప్‌డేట్లు అందేలా 2025 జూన్ 20 నుంచి నిబంధన తెచ్చింది. మన దగ్గర 2022 అక్టోబర్‌లో వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటిషన్ కమిషన్ గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసి, ముందే ఎక్కించిన తన యాప్‌లను తీసేయకుండా అడ్డుకోవద్దని కూడా చెప్పింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, ఈ ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది. జరిమానా డబ్బు ఖజానాకు పోతుంది. కస్టమర్‌కు నేరుగా పనికొచ్చేది ఆ ఆదేశమే.

వస్తువును రిపేరు చేయడం ఎంత సులువో మార్కుల్లో చెప్పే రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఫోన్‌కు మార్కులు వేసే అంశాల్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లనూ చేర్చింది. మార్కులు సరే, నాకు తేదీ కావాలి. తయారైన నెల, ఎమ్మార్పీ పక్కన సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ నెల దాకా వస్తాయో, వాడుకునేందుకు మిగిలే జీబీ ఎంతో ముద్రించాలి. ఫోన్ నడవడానికి అవసరం లేని ప్రతి యాప్‌కూ అన్‌ఇన్‌స్టాల్ ఉండాలి, చోటు నిజంగా ఖాళీ కావాలి. అప్‌డేట్లు ఆపేసిన రోజునే బూట్‌లోడర్ అన్‌లాక్ కోడ్‌ను అడిగినవాడికి ఉచితంగా ఇవ్వాలి. ఫోన్ రూట్ అయిందా అని మాత్రమే కాక, ప్యాచ్ ఏ నెలదో కూడా బ్యాంకు యాప్‌లు చూసేలా రిజర్వు బ్యాంకు చెప్పాలి.

ఇవేవీ తేలేదాకా ఫోన్ కొనబోయేవాళ్లు షాపులో డెమో పీస్ తీసుకుని సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది ఏడాది పాతదైతే డిస్కౌంట్ ఎంతిచ్చినా ఆ మోడల్ వద్దు.

– ఒక మొబైల్ రిపేరు షాపు యజమాని, జనగామ